కింద చుక్క లేదు, పైన నీళ్లు లేవు

అంబాజీపేట నుంచి కొబ్బరికాయలు తోలే మా పాత వ్యాన్‌లో, ఇంజన్ నీళ్లని చల్లార్చే రేడియేటర్‌కి రెండు రోజులకో లీటరు నీళ్లు పట్టేవి. రాత్రి ఇంజన్ కింద అట్ట పరిస్తే తెల్లారేసరికి పొడిగానే ఉండేది. రావులపాలెం దాటి గౌతమి వంతెన మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నామంటే మాత్రం హీట్ ముల్లు ఎర్రగీత దాకా లేచేది. "ఇంజనే తాగేస్తోందండి, హెడ్ దింపాల్సిందే" అన్నాడు ఒక మెకానిక్. హెడ్ అంటే సిలిండర్ల మీద మూతలా కూర్చునే ఇంజన్ పైభాగం. ఖర్చు వినేసరికి మాకూ హీటెక్కింది.

ఆగితే లేచి, కదిలితే దిగే ముల్లు ఫ్యాన్ మీదకి వేలు చూపిస్తుంది. లోడుతో జోరుగా పోతున్నప్పుడు లేస్తే రేడియేటర్ పూడిందేమో, 80–90 డిగ్రీల మధ్య తెరుచుకుని నీళ్లని రేడియేటర్‌లోకి వదలాల్సిన థర్మోస్టాట్ బిగుసుకుందేమో చూడాలి. మా ఫ్యాన్ బాగానే తిరుగుతోంది. అసలు తేలాల్సింది నీళ్ల సంగతి.

మా రేడియేటర్ మూత మీద 0.9 అని ఉంటుంది. లోపలి ఒత్తిడి బయటి గాలికన్నా 0.9 బార్ (ఒత్తిడి కొలత) పెరిగేదాకా ఆ మూత ఆపుతుంది. కుక్కర్ లాగే. అప్పుడు ఉత్త నీళ్లు కూడా 118 డిగ్రీల దగ్గరగానీ మరగవు. వేడి మీద మూత తిప్పితే ఒత్తిడి పోయి, 110 డిగ్రీల నీళ్లు ఆవిరై మొహాన కొడతాయి. చల్లారాక ఆ ఒత్తిడి ఉండదు కాబట్టి సన్న కంతలు కారవు. రాత్రి పరిచిన అట్ట సాక్ష్యానికి పనికిరాదన్నమాట!

రెండో మెకానిక్ హెడ్ జోలికి పోలేదు. ఇంజన్ ఆన్ చేసి, రేడియేటర్ మెడ దగ్గరి గాలిని బ్రోమోథైమాల్ బ్లూ అనే నీలిరంగు ద్రవంలోంచి లాగాడు. హెడ్ కింద ఉండే సీలు, అదే హెడ్ గ్యాస్కెట్, పోతే సిలిండర్‌లో మండిన గ్యాసు నీళ్లలోకి చేరుతుంది. అందులోని కార్బన్ డయాక్సైడ్ ఆ ద్రవంలో ఆమ్లమై దాన్ని పసుపుపచ్చగా మార్చేస్తుంది. మాది నీలంగానే ఉండిపోయింది.

ఇంజన్ చల్లారాక మూత తీసి, అక్కడ చేతిపంపు బిగించి ఒత్తిడి ఎక్కించాడు. టార్చి వేసి, "ఆయ్, ఇదిగోండి!" అన్నాడు. ఇంజన్‌లో నీళ్లు తిప్పే పంపు, అదే వాటర్ బాడీ, అడుగున చిన్న కంత, దాని కింద తెల్లటి చార, చార మీద మెరుస్తూ ఒక చుక్క. ఆ కంత తయారీలోనే పెడతారు. పంపు లోపలి సీలు అరిగితే నీళ్లు బేరింగ్‌లోకి పోకుండా బయటికి రావడానికి. బండి నడుస్తుంటే ఆ చుక్క వేడి ఇనుము మీదే ఆవిరైపోతుంది, నేలని తాకదు. మిగిలేది బోరు నీళ్లలోని ఉప్పు. కాగు అడుగున రోజూ గీకే తెల్ల పొర అదే. సీలుని అరగదీసింది కూడా బహుశా అదే.

ఇప్పుడు కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోస్తున్నాం. అరిగిన సీలు తీసుకెళ్లి మొదటి మెకానిక్‌కి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, "నేనూ అదే అనుకున్నానండి" అన్నాడు.