గడ్డిని చంపేది రెండో కొరుకు

"మా ఊరి మేత పోరంబోకులో జూన్ వానకు గడ్డి మొలుస్తుంది. ఆగస్టు దాటేసరికి తంగేడు తప్ప ఏమీ మిగలదు. జీవాలు ఎక్కువయ్యాయా? చుట్టూ కంచె వేయిస్తే బాగుపడుతుందా?" పలమనేరు వైపు నుంచి వచ్చిన ప్రశ్న ఇది. మొదటిదానికి జవాబు "కావొచ్చు". రెండోదానికి "కంచె లేకపోయినా పని జరుగుతుంది". అయితే అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి మిగిలిపోయింది. ఒకసారి మేసిన దుబ్బు దగ్గరికి మంద మళ్ళీ ఎన్నాళ్ళకు వస్తోంది?

పోరంబోకుకూ బంజరుకూ తేడా ఏమిటి, అడంగల్ అనే భూమి రికార్డులో ఏమని రాసి ఉంది అన్న సంగతులు రెవెన్యూ వాళ్ళకు వదిలేద్దాం. గడ్డి దుబ్బులో ఏం జరుగుతుందో చూస్తే సగం సమస్య అక్కడే తేలిపోతుంది.

తంగేడు కొమ్మ చివర తుంచితే ఆ కొమ్మ ఆగిపోతుంది, పక్క మొగ్గలు లేవాలి. గడ్డి అలా కాదు. దాని పెరిగే మొన నేలకు అంగుళం ఎత్తు లోపే, దుబ్బు మొదట్లో దాక్కుని ఉంటుంది. ఆకు కూడా చివరన కాక అడుగు నుంచే పెరుగుతుంది. అందుకే గొర్రె చివర కొరుక్కుపోయినా కింది నుంచి ఆకు తోసుకొస్తుంది. పూతకొచ్చే ముందు కాండం సాగి ఆ మొన పైకి లేస్తుంది. అప్పుడు కొరికితే మాత్రం ఆ పిలక పని అయిపోయినట్టే, దుబ్బు మొదటి నుంచి కొత్త పిలక వేసుకోవాలి.

ఇక వేరు. పైన ఆకు తెగితే కింద వేరుకు ఏమవుతుందో అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన క్రైడర్ అనే శాస్త్రవేత్త కొలిచి 1955లో ప్రచురించాడు. ఆయన పరీక్షించిన గడ్డి రకాల్లో సగం ఆకు కత్తిరిస్తే వేర్ల పెరుగుదల దాదాపు ఎప్పటిలాగే సాగింది, ఆగిన వేర్లు 2 నుంచి 4 శాతమే. 60 శాతం తీసేస్తే సగం వేర్లు ఆగాయి. 70 శాతానికి 78 శాతం ఆగాయి. 80 శాతం తీసేస్తే మొత్తం వేర్లు 12 రోజుల పాటు కదల్లేదు, 90 శాతానికి 17 రోజులు. సగం దాకా ఏమీ కాలేదు, ఆ పైన మరో పిడికెడు ఆకు పోగానే కింద అంతా స్తంభించింది! మేత భూములు చూసేవాళ్ళు "సగం తిననివ్వు, సగం ఉంచు" అనే లెక్కకు ఇదే పునాది. పాఠ్యపుస్తకాల్లో కిరణజన్య సంయోగక్రియకు బొమ్మ వేసి ఊరుకుంటారు. ఈ అంకెలు పక్కనే వేస్తే పిల్లలకు ఆకు ఎందుకో ఒక్కసారిగా అర్థమవుతుంది.

వేరుశనగ పండించే రైతుకు ఇది చెప్పడం తేలిక. ఇంట్లో తినే కాయలు వేరు, విత్తనానికి దాచిన కాయలు వేరు. గడ్డికి కూడా అలాంటి దాపు ఉంది, చక్కెర, పిండి పదార్థాల రూపంలో, ఎక్కువగా దుబ్బు మొదట్లో. ఆకు తెగిన మొదటి నాలుగైదు రోజులు దుబ్బు ఆ దాపు తీసి కొత్త ఆకు వేస్తుంది. అంటే విత్తనపు కాయలు భూమిలో పోసింది. ఆ ఆకు కాస్త విప్పారి ఎండను పట్టుకుంటే ముందు తన ఖర్చు వెళ్ళదీసుకుంటుంది, ఆ తర్వాత మిగులు కిందికి పంపుతుంది. పంట ఇంటికొచ్చి మళ్ళీ విత్తనం పక్కన పెట్టేదాకా వానల్లో నెల పడుతుంది. ఏడో రోజునో ఎనిమిదో రోజునో మంద తిరిగొచ్చి ఆ లేత ఆకు కొరికితే మొలకెత్తిన చేను పీక్కుతిన్నట్టు. దుబ్బు మళ్ళీ విత్తనపు కాయలు బయటికి తీయాలి, ఈసారి సంచిలో సగమే ఉన్నాయి. మూడోసారి తీయడానికి ఏమీ ఉండదు. ఇక్కడే సగం ఆకు వదిలేయడం ఎందుకో తెలుస్తుంది. సగం చేను పచ్చగా నిలిచి ఉన్న రైతు విత్తనపు సంచి జోలికి పోనక్కర్లేదు, నిలిచిన చేనే సాకుతుంది. మిగిలిన ఆకు ఎక్కువైనకొద్దీ దాపు ఖర్చు తక్కువ.

మంద ఏడో రోజునే ఎందుకు వస్తుంది? గొర్రెకు తెలుసు గనుక. కొత్త ఆకులో మాంసకృత్తులు ఎక్కువ, పీచు తక్కువ. పక్కనే ముట్టని దుబ్బు ముదిరి పుల్లలు తేలి ఉంటుంది, దాన్ని వదిలి నిన్న కొరికినదాన్నే వెతుక్కుంటుంది. ఒకే ఎకరంలో ఒక దుబ్బు సీజనులో ఆరుసార్లు తెగుతుంది, పక్కది ఒక్కసారీ తెగదు. పైగా పొద్దున మంద అదే కాలిబాట పట్టి అదే వంక పక్కగా పోతుంది. ఊరి అంచున ఉన్న మేత రోజూ తెగుతుంటే గుట్ట అవతలి వాలు నిలువునా ఎండిపోతుంది. మొత్తం మీద గడ్డి చాలానే ఉంది కదా అన్న సగటు లెక్క ఇక్కడ మోసం చేస్తుంది.

ఇలా కొన్నేళ్ళు సాగితే తినే గడ్డి రకాలు పోయి తిననివి మిగులుతాయి. అంజన్ గడ్డి వంటి, ఏళ్ళ తరబడి బతికే బహువార్షికాలు ముందు పోతాయి. గరిక పాకుతుంది కనుక కొంత తట్టుకుంటుంది. బోద గడ్డి ఘాటు నూనెల వల్ల బతికిపోతుంది, చీపురు గడ్డి గరుకు వల్ల. తర్వాత తంగేడు, బందారు, వయ్యారిభామ. చివరికి పైపొర గట్టిపడ్డ నేల. అక్కడ పడ్డ వాన ఇంకదు, వంకలోకి జారిపోతుంది. తంగేడు పూలు విరగబూసిన పోరంబోకు ఫొటోకు బాగుంటుంది గానీ మేత లెక్కలో అది చెడ్డ కబురు.

ఏ జీవం మేస్తోందన్నదీ ముఖ్యమే. ఆవుకూ గొర్రెకూ మేకకూ పైదవడ ముందు పళ్ళు ఉండవు. ఆవు నాలుకతో చుట్టి లాగుతుంది, మూడు వేళ్ళ ఎత్తు కింద దానికి అందదు. గొర్రె పైపెదవి చీలి ఉంటుంది, నేలకు ఆనించి కొరకగలదు. మేక ముందు ఆకు, కొమ్మ చూస్తుంది. మేకలే కొండను నాశనం చేశాయనే మాట పూర్తిగా నిజం కాదు. పొదలెక్కిన బీడులో మేకలు మేలు కూడా చేస్తాయి, కొత్తగా నాటిన మొక్కలున్న చోటే అవి ముప్పు. ఆవులను ముందు తోలి, గొర్రెలను వెనక తోలితే మేత బాగా కలిసొస్తుంది, కానీ గొర్రెలు వెనకొచ్చే చోట నేల నున్నగా అయ్యేదాకా ఉంచకూడదు.

ఇప్పుడు పోరంబోకు ఎన్ని జీవాలను మోస్తుందో లెక్క. మీటరు పొడవు కర్రలు నాలుగు చతురస్రంగా కట్టండి. అక్టోబరు చివర పోరంబోకుకు అడ్డంగా నడుస్తూ కనీసం 20 చోట్ల చూడకుండా విసరండి. బండ మీద పడినా, బోడి నేల మీద పడినా అదీ లెక్కే, మంచి చోటు వెతికితే కొలత చెడిపోతుంది. చట్రంలో ఉన్న మేత గడ్డిని నేలకు ఆనించి కోసి, నీడలో కరకరలాడేదాకా ఎండబెట్టి తూయండి. బోద, తంగేడు కలపొద్దు. సగటు గ్రాములను 4తో గుణిస్తే ఎకరాకు కిలోలు వస్తాయి. 150 గ్రాములు వచ్చిందనుకుందాం, ఎకరాకు 600 కిలోలు, 100 ఎకరాలకు 60,000. ఇందులో సగం దుబ్బుకు వదలాలి. మిగతా సగంలో సగం తొక్కుడుకు, పురుగులకు, ఎండి రాలిపోవడానికి పోతుంది. నోట్లోకి వెళ్ళేది నాలుగో వంతు, 15,000 కిలోలు. జీవం బరువులో రోజుకు 3 శాతం దాకా ఎండు మేత కావాలి, అంటే 30 కిలోల గొర్రెకు సుమారు కిలో. ఏడాదంతా ఇక్కడే మేస్తే 100 ఎకరాల మీద 41 గొర్రెలు! నాలుగు నెలలకే అయితే 125. ఈ అంకె చూసి చాలామంది కొలత తప్పనుకుంటారు. కొలత సరైనదే, కోత కోసిన చేలు, చెట్ల ఆకులు, కొన్న దాణా ఇన్నాళ్ళూ మిగతా భారం మోశాయి, అంతే. గడ్డి తూకం తక్కువ వచ్చిన ఏడాదిలో పొట్టేళ్ళను సంక్రాంతి లోపే అమ్మేయడం లాభం. మార్చిలో అమ్మితే బక్కచిక్కిన జీవానికి ధర రాదు, ఈలోపు అది తిన్న గడ్డీ పోయినట్టే.

మందను తిప్పుతూ మేపితే గడ్డి దానంతటదే రెట్టింపవుతుందని ప్రచారం చేసేవాళ్ళున్నారు. 2008లో అమెరికా శాస్త్రవేత్తల బృందం ఒకటి అప్పటిదాకా జరిగిన ప్రయోగాలను తిరగేసి, జీవాల సంఖ్య సమానంగా ఉన్నప్పుడు తిప్పి మేపడం వల్ల పెద్ద తేడా కనిపించలేదని తేల్చింది. కాబట్టి సంఖ్యే ముందు. కానీ ఆ ప్రయోగాలు కంచెలున్న పొలాల్లో, అదుపులో ఉన్న మందలతో జరిగాయి. రోజూ ఒకే బాటన పోయే మన మందల విషయంలో తిప్పడం అనేది మేతను సమంగా పంచే సాధనం. అంతవరకే దాన్ని నమ్మాలి.

తిప్పడానికి సూత్రం చిన్నది. విశ్రాంతి రోజులను మేసే రోజులతో భాగించి ఒకటి కలిపితే ఎన్ని ముక్కలు కావాలో వస్తుంది. వానల్లో విశ్రాంతి 30 రోజులకు తగ్గకూడదు, ఒక ముక్కలో మేత 6 రోజులు దాటకూడదు. 30ని 6తో భాగిస్తే 5, ఒకటి కలిపితే 6 ముక్కలు. ఇంకొకటి ఆ ఏడంతా గింజ రాలేదాకా, అంటే నవంబరు చివరి వరకు, మూసి ఉంచాలి. వచ్చే ఏడు మూసేది వేరే ముక్క. హద్దులు వంక, బండ, గుట్ట, కాలిబాట. రాళ్ళకు సున్నం పూస్తే చాలు, కాపరే కంచె. తడి లేని రోజులు విశ్రాంతిలోకి రావు. జూలైలో రెండు వారాలు వాన మొహం చాటేస్తే ఆ రెండు వారాలు లెక్కలోంచి తీసేయాలి, గడ్డి పెరగలేదు గనుక. తొలకరి పడగానే తోలడం అన్నిటికంటే పెద్ద తప్పు. మొదటి మంచి వాన తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు పోరంబోకు మొత్తం ఖాళీగా ఉండాలి. అందుకే ముందు ఏడాది వేరుశనగ కట్టె (కాయలు తీసిన ఎండు తీగ) జూలై దాకా సరిపడా దాచుకోవాలి.

ఈ ఏర్పాటు ఎక్కడ తెగుతుందంటే, పక్క ఊరి మంద ఒక్కటి వచ్చి మూసిన ముక్కలో రెండు రోజులు మేస్తే చాలు, మిగతా కాపరులందరూ మానేస్తారు. హద్దు పంచుకునే ఊళ్ళన్నిటితో ముందే మాట్లాడుకోని పథకం ఒక సీజను దాటదు. ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో చెప్పింది. ఆ తీర్పు నకలు పంచాయతీలో ఒకటి ఉంచుకోవడం మంచిది.

ఉప్పు రాయిని నీటి తొట్టి పక్కనే పెట్టడం ఇంకో అలవాటు. నీటికి దూరంగా, మేయని వాలు మీద పెడితే జీవాలే అటు నడుస్తాయి. ఇక రాత్రిళ్ళు చేలల్లో మంద కట్టించుకోవడం చేలకు వరమే, కానీ పోరంబోకు గడ్డిలోని నత్రజని, భాస్వరం ఏటా పెంట రూపంలో చేలకు తరలిపోతున్నాయి. సీజనులో కొన్ని రాత్రులైనా బోడి నేల మీద మంద కట్టాలి.

మేసే రోజులు తగ్గించడానికి జబ్బుల కోణం కూడా ఉంది. గొర్రె నాలుగో కడుపులో రక్తం తాగే హీమాంకస్ పురుగు గుడ్లు పెంటతో బయటపడతాయి. వెచ్చని తడిలో వారం తిరక్కుండానే సోకే దశకు చేరి గడ్డి ఎక్కుతాయి, ఎక్కువ భాగం అడుగు రెండు అంగుళాల్లోనే ఉంటాయి. నేలకు ఆనించి మేసే మందకే పురుగులెక్కువ. కనురెప్ప లోపల పాలిపోయినా, దవడ కింద నీరు చేరినా ఇదేనేమోనని చూడాలి. తొలి వానల లేతగడ్డి మీద పడి బలంగా తిన్న పిల్ల తెల్లారేసరికి చచ్చిపడి ఉంటే గాలి సోకిందంటారు. అది చాలాసార్లు చిటుకు రోగం, పేగుల్లో క్లాస్ట్రిడియం అనే సూక్ష్మజీవి విషం. తిరుపతి గంగమ్మ జాతర జరిగే మే నెలే దీని టీకాకు సరైన సమయం. గంగమ్మకు మొక్కుకోండి, అదే వారం టీకా కూడా వేయించండి. మొదటిసారి వేసిన పిల్లలకు రెండు మూడు వారాల్లో రెండో డోసు ఉంటుంది.

కొండకు నిప్పు పెడితే కొత్త గడ్డి వస్తుందనేది మరో నమ్మకం. పచ్చదనం వచ్చేది నిజమే. కానీ అది దుబ్బు తన దాపులోంచి తీసి వేసిన ఆకు, వాన లేని వేసవిలో. నిప్పు తట్టుకునే బోద బలపడుతుంది, మంచి రకాల గింజ కాలిపోతుంది. రిజర్వు అడవిలో అయితే అది నేరం కూడా.

తినే గడ్డి పూర్తిగా పోయిన చోట విశ్రాంతి ఒక్కటే చాలదు, విత్తనం చల్లాలి. స్టైలో పప్పుజాతి మేత, ఎండ తట్టుకుంటుంది. గింజ పొర గట్టిది, అలాగే చల్లితే చాలావరకు మొలవదు. 80 డిగ్రీల నీళ్ళలో 4 నిమిషాలు ఉంచి, తీసి రాత్రంతా చన్నీళ్ళలో నాననివ్వాలి. నీళ్ళు తెర్లుతుంటే వేస్తే గింజ ఉడికిపోతుంది. చల్లడానికి ఎకరాకు 4 కిలోలు, ఇసుకలో కలిపి, తొలకరికి నేల గీరిన చోట. సెంటీమీటరుకు మించి మట్టి కప్పకూడదు. మొదటి ఏడాది గింజ రాలేదాకా ఆ చోట జీవం అడుగు పెట్టకూడదు. రెండో ఏడాది నుంచి పైన చెప్పిన ముక్కల లెక్కలో కలపొచ్చు.