టెన్షన్ రక్తంలో కనిపిస్తుందా? ల్యాబ్ వైపు నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

పాథాలజిస్టుగా నేను తరచూ వినే ప్రశ్న: "ఈమధ్య నిద్ర లేదు, టెన్షన్ ఎక్కువ. రిపోర్టులో తేడా దానివల్లేనా డాక్టర్?" కొన్నిటికి అవును, చాలావాటికి కాదు.

అపోహ: టెన్షన్ మనసుకే, రక్తానికి కాదు.
వాస్తవం: ఒత్తిడిలో అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు పెరుగుతాయి. అప్పటిదాకా రక్తనాళాల గోడలకు అంటుకుని ఉన్న న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) విడివడి ప్రవాహంలోకి వస్తాయి. అందుకే ఇన్ఫెక్షన్ లేకున్నా తెల్లకణాల కౌంటు కాస్త పెరగొచ్చు. ఈ "కాస్త" ముఖ్యం. కౌంటు 30,000 ఉంటే టెన్షన్ ఖాతాలో రాసేయకండి, కారణం వెతకాల్సిందే.

అపోహ: తీపి మానేస్తే చాలు, షుగరుకీ నిద్రకీ సంబంధమేంటి?
వాస్తవం: 1999లో చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 11 మంది ఆరోగ్యవంతులైన యువకుల్ని వరుసగా 6 రాత్రులు 4 గంటలే పడుకోనిచ్చారు. అంతలోనే వాళ్ల శరీరం గ్లూకోజును వాడుకునే వేగం బాగా తగ్గింది. కార్టిసాల్ పెరిగితే కాలేయం ఎక్కువ గ్లూకోజు వదులుతుంది, ఇన్సులిన్ కూడా సరిగా పనిచేయదు. రాత్రంతా మేలుకుని ఫాస్టింగ్ శాంపిల్ ఇస్తే అంకె పైకి జరగొచ్చు. హెచ్‌బీఏ1సీ మాత్రం ఒక్క రాత్రికి మారదు. అది చూపేది రెండు మూడు నెలల షుగరు సగటు.

అపోహ: నిద్ర లేకే నాకు రక్తం తగ్గింది.
వాస్తవం: చాలాసార్లు కథ తిరగబడి ఉంటుంది. ఐరన్ తగ్గిన కొందరికి పడుకోగానే కాళ్లు లాగుతాయి, కదపకుండా ఉండలేరు, ఇక నిద్రెక్కడ? హిమోగ్లోబిన్ సరిగ్గానే ఉన్నా, ఒంట్లో ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ తక్కువ ఉండొచ్చు. నిద్రమాత్ర కంటే ముందు ఆ పరీక్ష గురించి డాక్టరుని అడగండి. మరోపక్క, గురకతో పాటు నిద్రలో ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియాలో ఆక్సిజన్ పదే పదే పడిపోతుంది. దాంతో కొందరిలో హిమోగ్లోబిన్ పెరుగుతుంది. అది చూసి "రక్తం బాగా పట్టింది" అని సంబరపడేవాళ్లూ ఉన్నారు!

అపోహ: ఒత్తిడితో బ్లడ్ క్యాన్సర్ వస్తుంది.
వాస్తవం: దానికి గట్టి ఆధారాల్లేవు.

అపోహ: కార్టిసాల్ టెస్టు చేయిస్తే ఎంత టెన్షన్‌లో ఉన్నామో తేలుతుంది.
వాస్తవం: తేలదు. ఆ హార్మోను నిద్ర లేచే వేళకు ఎక్కువ, అర్ధరాత్రికి బాగా తక్కువ. సూది భయానికీ పెరుగుతుంది. ఆ పరీక్ష కుషింగ్స్ (కార్టిసాల్ అతిగా పెరగడం), అడిసన్స్ (బాగా తగ్గిపోవడం) లాంటి జబ్బుల కోసం. డాక్టరు రాస్తేనే చేయించుకోండి. నైట్ షిఫ్టు చేసేవాళ్లయితే, శాంపిల్ ఇచ్చేముందే మీరు పడుకునే వేళలు చెప్పండి. ఉదయం 8 గంటల శాంపిల్ మీ శరీరానికి ఉదయం కాకపోవచ్చు.