మేపుల్ నీరు పారే నాలుగు వారాలు: పిల్లలకు ఉత్తరం

చి. పిల్లలకు,

ఆశీస్సులు. న్యూజెర్సీలో ప్రిన్స్‌టన్ నుంచి కారులో సుమారు అరగంట దూరంలో, లాంబర్ట్‌విల్ ఊరి దగ్గర, హోవెల్ లివింగ్ హిస్టరీ ఫామ్ అని 130 ఎకరాల పొలం ఉంది. 1974లో ఐనెజ్ హోవెల్ గారు, అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌లో సభ్యుడిగా పనిచేసిన తన భర్త చార్లెస్ హోవెల్ జ్ఞాపకార్థం దాన్ని మెర్సర్ కౌంటీకి ఇచ్చేశారు. 1890, 1910 మధ్య అక్కడి రైతులు ఎలా సేద్యం చేసేవారో ఇప్పటికీ అలాగే చేస్తున్నారు. దున్నేది గుర్రాలతో, ఎడ్లతో. శనివారాల్లో ఆ రుతువుకు తగిన పని జనంతో కలిసి చేస్తారు. మీ వయసు వాళ్ళకు కూడా చేతినిండా పని దొరుకుతుంది.

మనకు సంక్రాంతి అయ్యే రోజుల్లో అక్కడ చెరువు గడ్డకడుతుంది. ఆ మంచును రంపాలతో దిమ్మలుగా కోసి, ఎండాకాలం కోసం దాచుకోవడం పాతకాలపు పద్ధతి. మనిషి నిలబడాలంటేనే గడ్డ కనీసం నాలుగు అంగుళాల మందం ఉండాలి, కాబట్టి పెద్దవాళ్ళు కొలిచి చెప్పేదాకా గట్టు దిగకండి. వసంతంలో గొర్రెల ఉన్ని కత్తిరిస్తారు, దుక్కి దున్నుతారు. ఎండాకాలంలో గోధుమ నూర్పిళ్ళు, ఆకులు రాలే కాలంలో మొక్కజొన్న కోతలు. ఇవన్నీ బాగుంటాయి. కానీ ఒక్కసారే వెళ్ళడానికి వీలైతే ఫిబ్రవరిలో, మేపుల్ అనే చెట్టు నుంచి కారే తీపి నీటిని పాకంగా కాచే శనివారం వెళ్ళండి. ఎందుకో చెబుతాను.

మేపుల్ చెట్టులో నీరు ఎప్పుడు పడితే అప్పుడు కారదు. రాత్రి గడ్డకట్టే చలి, పగలు కాస్త వెచ్చదనం, రెండూ ఉండాలి. రాత్రి కొమ్మల్లో నీరు గడ్డకడుతుంటే కలపలోని గాలిబుడగలు నొక్కుకుపోతాయి, వేళ్ళ నుంచి నీరు పైకి లాగబడుతుంది. పొద్దెక్కి మంచు కరగగానే ఆ గాలి మళ్ళీ వ్యాకోచించి నీటిని బయటికి నెడుతుంది. రాత్రి చలి లేకపోతే పగలెంత ఎండ కాసినా చుక్క రాదు. ఈ వాతావరణం నాలుగు నుంచి ఆరు వారాలే దొరుకుతుంది, ఒక్కో ఏడు అంతకన్నా తక్కువ. అందుకే ఆ పని వాయిదా వేయడానికి ఉండదు. యూరప్ వాళ్ళు రాకముందే ఆ ప్రాంతపు అడవుల్లోని ఆదివాసులు ఈ నీటితో చక్కెర చేసుకునేవారు.

చెట్టు ఎంచుకోవడం మీరే చేయొచ్చు. చలికాలంలో ఆకులుండవు, కొమ్మలు చూడండి: మేపుల్‌కు కొమ్మలు, మొగ్గలు ఎదురెదురుగా జతలుగా ఉంటాయి. తరువాత మీ ఛాతీ ఎత్తులో టేపు చుట్టండి. చుట్టుకొలత 95 సెంటీమీటర్లు, అంటే అడ్డుకొలత దాదాపు 30 సెంటీమీటర్లు ఉంటే ఒక రంధ్రం పెట్టొచ్చు. అంతకన్నా సన్న చెట్టును వదిలేయండి, ఇంకా ఎదగాలి.

వడ్రంగి బర్మా లాంటి దానితో, ఒకటిన్నర అంగుళాల లోతు, కాస్త పైకి వాలుగా తొలుస్తారు. వాలు ఉంటేనే నీరు బయటికి జారుతుంది, రంధ్రంలో నిలిచి పాడవదు. తొలిచేటప్పుడు రాలే పొట్టును అరచేతిలో పట్టి చూడండి. తెల్లగా, తడిగా ఉంటే కలప ప్రాణంతో ఉన్నట్టు. గోధుమరంగులో ఉంటే అది పాత రంధ్రం పక్కన చచ్చిపోయిన కలప, అక్కడ నీరు రాదు. అందుకే కొత్త రంధ్రం పాతదానికి ఆరు అంగుళాలైనా పక్కకు ఉండాలి. ఆ తరువాత చిన్న గొట్టాన్ని సుత్తితో మెల్లగా తట్టి దిగగొడతారు. చెవి పెట్టి వినండి: మొదట బోలుగా మోగుతుంది, బిగిసిన క్షణాన మోత మారుతుంది. అక్కడ ఆపాలి. ఇంకో దెబ్బ వేస్తే కలప చీలి, నీరు బకెట్‌లోకి రాకుండా బెరడు మీదుగా కారిపోతుంది. బకెట్‌కు మూత తప్పనిసరి, వాన నీరు కలిస్తే అదనంగా కట్టెలు కాల్చాలి.

ఆ నీరు రుచి చూస్తే చాలామంది నిరాశపడతారు. నీళ్ళలాగే ఉంటుంది, నాలుక చివర కాస్త తీపి తగులుతుంది. అందులో చక్కెర సుమారు రెండు శాతమే. చెరకు రసంలో చక్కెర అంతకు ఏడెనిమిది రెట్లు ఉంటుంది. ఒక లెక్క నేర్చుకోండి: 86ను ఆ చక్కెర శాతంతో భాగించండి. ఒక లీటరు పాకానికి ఎన్ని లీటర్ల నీరు కావాలో తెలుస్తుంది. రెండు శాతమైతే 43, మూడైతే 29. మిగిలినదంతా ఆవిరైపోవాల్సిందే. ఇంటి వంటగదిలో ఈ పని పెట్టుకోవద్దని అనేది అందుకే, గోడలు చెమ్మగిల్లి రంగు ఊడుతుంది.

మన కల్లు సంగతి మీకు తెలుసుగా, ఎండెక్కేకొద్దీ పులుస్తుంది. పులియని నీరా కావాలంటే కుండకు సున్నం పూస్తారు. మేపుల్ నీరూ వెచ్చబడితే పాడవుతుంది. చల్లగా ఉంచి, వీలైనంత త్వరగా పొయ్యెక్కించాలి. ఇక కాచడం చూస్తే అనకాపల్లి వైపు బెల్లం వండే పెనమే గుర్తొస్తుంది. వెడల్పు పెనం, కింద పెద్ద మంట, పైన తెట్టు తీస్తూ ఉండడం. పొంగు వస్తే అక్కడ చిటికెడు వెన్న వేస్తారు, మనవాళ్ళు నూనె చుక్క వేసినట్టు. పెనంలో ఎప్పుడూ అంగుళం లోతుకు తగ్గకుండా నీరు పోస్తూ ఉండాలి. తగ్గితే అడుగంటుతుంది, ఆ మాడు వాసన మొత్తానికీ పట్టేస్తుంది.

దించే వేళే అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది. నీరు మరిగే వేడికన్నా నాలుగు డిగ్రీల సెల్సియస్ పైకి రాగానే దించాలి. గాలి ఒత్తిడిని బట్టి నీరు మరిగే వేడి రోజురోజుకీ కొద్దిగా మారుతుంది, కాబట్టి ముందు మామూలు నీళ్ళు మరిగించి ఆనాటి లెక్క చూసుకుంటారు. థర్మామీటరు లేకపోయినా గరిటె ఎత్తి పట్టుకుంటే తెలుస్తుంది: చుక్కలుగా కాకుండా అంచు పొడవునా పొరలా వేలాడుతుంది. తొందరగా దించితే సీసాలో బూజు పడుతుంది. ఆలస్యమైతే అడుగున పలుకులు కడుతుంది. వేడి మీదే ఉన్ని గుడ్డలో వడకట్టాలి, లేకపోతే ఇసుకలాంటి మడ్డి మిగిలిపోతుంది.

మొగ్గలు ఉబ్బడం మొదలైతే నీటికి వెగటు రుచి వస్తుంది, ఎంత కాచినా పోదు. ఆ రోజు గొట్టాలు పీకేయాలి. రంధ్రాన్ని చెట్టే కొన్నేళ్ళలో పూడ్చుకుంటుంది.

ఎడ్లు కనిపిస్తే కాడిని దగ్గరగా చూడండి. మన ఎద్దుకు మూపురం ఉంది, కాడి దానికి ముందు ఆనుతుంది. అక్కడి ఎద్దుకు మూపురం లేదు, అందుకని వంచిన కర్రను గొంతు కింద నుంచి కాడిలోకి దూర్చి బిగిస్తారు. చేయి పట్టే సందు ఉండాలి. వదులైతే మెడ ఒరుసుకుని పుండు పడుతుంది, బిగుతైతే ఊపిరాడదు. "జీ" అంటే కుడికి, "హా" అంటే ఎడమకి, "వో" అంటే ఆగు. మనకు దాపటెద్దు, వలపటెద్దు ఉన్నట్టే వాళ్ళకూ ఏ ఎద్దు ఏ పక్కదో ఖాయం. గుర్రాల వెనక నుంచి మాత్రం వెళ్ళకండి, అడగకుండా ఏమీ తినిపించకండి.

తడవని బూట్లు, ఒక జత అదనపు మేజోళ్ళు, కొలిచే టేపు పట్టుకెళ్ళండి. మీరు కొలిచిన చెట్టు చుట్టుకొలత, పొట్టు రంగు నాకు రాయండి.

మీ తాతయ్య