రెండెకరాలు అమ్మేయమంటారా? వాతావరణ నమూనాల్లో మనిషి: అపోహలు, వాస్తవాలు

కొత్తపట్నం వైపు నుంచి ఒక రైతు మొన్న ఫోను చేశారు. "సార్, 2100 నాటికి సముద్రం మీటరు లేస్తుందట, కంప్యూటర్ చెప్పిందట. రెండెకరాలు అమ్మేయమంటారా?" అప్పటికే ఒక దళారీ సగం ధరకు బేరమాడి వెళ్లాడు. ఇలాంటి ఫోన్లు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టడం మానేశాను.

అపోహ: మనుషులు ఏం చేస్తారో వాతావరణ నమూనా (వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) కనిపెట్టి, జరగబోయేది చెబుతుంది.

వాస్తవం: చెప్పదు. గాలి, సముద్రం, మంచు సంగతి అది భౌతిక సూత్రాలతో లెక్కిస్తుంది. మనిషి సంగతి మాత్రం ముందుగా మనమే ఊహించి ఇస్తాం: జనాభా ఇంత, బొగ్గు ఇంత, అడవి ఇంత అని. శాస్త్రవేత్తలు ఎస్‌ఎస్‌పీలు (ఉమ్మడి సామాజిక-ఆర్థిక దారులు) అనేవి అలాంటి ఐదు కథలే. ఒకదానిలో 2100 నాటి ప్రపంచ జనాభా 700 కోట్ల దరిదాపుల్లో ఉంటే, మరోదానిలో 1200 కోట్లు దాటుతుంది. ఇక ఆ మీటరు! బొగ్గు, చమురు విచ్చలవిడిగా కాల్చే కథకు ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పు సంఘం (ఐపీసీసీ) ఆరో నివేదిక ఇచ్చిన అంచనా 0.63 నుంచి 1.01 మీటర్లు, అదీ ప్రపంచ సగటు. ఉద్గారాలు గట్టిగా తగ్గించే కథలో 0.28 నుంచి 0.55. విచ్చలవిడిగా కాల్చే ఆ కథ జరిగే అవకాశం తక్కువని ఆ నివేదికే అంటోంది. వార్తలో "ఒకవేళ" రాలిపోయి "మునుగుతుంది" మిగిలింది. దళారీకి అంతకన్నా ఏం కావాలి?

సముద్రం లేవదని నేననడం లేదు. ఐదు కథల్లోనూ లేస్తుంది.

"మనుషులే లేని లెక్కలు, అన్నీ వట్టివే" అనేది ఇంకో అపోహ. ఇంధనం, భూమి, ధరలు కలిపి చూసే సమగ్ర నమూనాలు ఉన్నాయి. వాటిలో మనిషి చాలావరకు ఖర్చు తక్కువైన దారినే నడుస్తాడు. విడవలూరు దగ్గర మా మేనమామ అలా నడవలేదు. పక్క చేను రొయ్యల గుంట అయింది, ఉప్పు ఊట ఆయన వరి మడిలోకి దిగింది, మరుసటి ఏడాది ఆయనా పొక్లెయిన్ పిలిపించారు. లాభనష్టాలు వేసుకుంది ఆ తర్వాతే. అక్షాంశ రేఖాంశాల్లో పావు డిగ్రీ గడులున్న భూవినియోగ పటంలో, అంటే గడికి దాదాపు 27 కిలోమీటర్లు, ఈ కథ ఎక్కడ కనిపిస్తుంది?

పెద్ద కంప్యూటర్ వస్తే అన్నీ తేలుతాయన్నది కూడా అపోహే. అది గడులను చిన్నవి చేస్తుంది, ఇరుగుపొరుగును చూసి మారే మనసును కాదు.

రైతుతో అన్నాను: "2100 పేరు చెప్పి ఈ రోజు సగం ధరకు ఇవ్వకండి. ఈ వేసవిలో బోరు నీళ్లలో ఉప్పు ఎంతుందో పరీక్ష చేయించండి."

ఆయన కాసేపు ఆగి, "ఆ ఐదు కథల్లో రొయ్య ధర ఎంతని రాశారు సార్?" అన్నారు.

రాయలేదు.