జిడ్డు కారే ముఖానికి నీళ్ల కరువు

హనుమకొండ నుంచి ఒక డిగ్రీ అమ్మాయి అడిగింది. "సార్, పొద్దున తొమ్మిదింటికి ముఖం కడుక్కుని కాలేజీకి పోతే పదకొండు కాకముందే నుదురు, ముక్కు జిడ్డుతో మెరుస్తాయి. కానీ కడిగిన పది నిమిషాలు మాత్రం బుగ్గలు గుంజేసినట్టు ఉంటాయి, నవ్వాలన్నా ఇబ్బందే. అమ్మ జిడ్డు ముఖం అంటుంది, హాస్టల్లో ఫ్రెండ్స్ పొడి చర్మం అంటారు. నాది ఏ రకం?"

రెండూ నిజమేనమ్మా. నూనె ఎక్కువ, నీళ్లు తక్కువ. ఇదేదో అరుదైన జబ్బు కాదు, మన దగ్గర ఎండాకాలంలో కాలేజీ వయసు పిల్లల్లో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఉండేదే. అయితే నూనె ఉందంటే తేమ ఉన్నట్టే అనే లెక్క మన బుర్రల్లో ఎంత గట్టిగా పాతుకుపోయిందంటే, జిడ్డు ముఖానికి మాయిశ్చరైజర్ రాయమంటే చాలామంది నన్ను పిచ్చోణ్ని చూసినట్టు చూస్తారు.

చర్మానికి ఎన్ని పొరలు, వాటి పేర్లేమిటి అన్నది ఇంటర్లో బట్టీ పట్టిందే కాబట్టి మళ్లీ చెప్పను. ఈ కథంతా అన్నిటికంటే పైనున్న ఒక్క పొరలో జరుగుతుంది, దాని పేరు స్ట్రాటమ్ కార్నియం. మందం ముఖం మీద 10 నుంచి 20 మైక్రోమీటర్లు, అంటే తల వెంట్రుక కంటే పలచన. క్లాసులో దీన్ని "మృతకణాల పొర" అని ఒక్క ముక్కలో తేల్చేసి ముందుకుపోతాం. పిల్లలు కూడా చచ్చిన కణాలతో మనకేం పని అనుకుంటారు. నిజానికి ఒంట్లోని నీళ్లను గాలిలోకి పోనీయకుండా ఆపేది ఆ చచ్చిన కణాలే. ఆపినా కొంత పోతూనే ఉంటుంది. ముంజేతి మీద కొలిస్తే చదరపు మీటరుకి గంటకి 5 నుంచి 10 గ్రాములు, మొత్తం ఒంటి లెక్క వేస్తే చెమట కాకుండానే రోజుకి మూడు నాలుగు వందల మిల్లీలీటర్లు.

1952లో ఇర్విన్ బ్లాంక్ అనే అమెరికా శాస్త్రవేత్త చాలా చిన్న పని ఒకటి చేశాడు. నాకు చర్మశాస్త్రం మొత్తంలో ఇంతకంటే నచ్చిన ప్రయోగం లేదు. కాయకట్టిన చర్మం ముక్కలు తీసుకుని బాగా ఎండనిచ్చాడు, అవి పెళుసుగా తయారయ్యాయి. వాటిని నూనెల్లో, గ్రీజుల్లో ఎంత నానబెట్టినా మెత్తబడలేదు. నీళ్లలో వేస్తే మెత్తబడ్డాయి. అంతే ప్రయోగం! చర్మం మెత్తగా, సాగేలా ఉండటానికి కావలసింది నీళ్లు, నూనె కాదు అని తేలిపోయింది. ఆ పొరలో నీటిశాతం సుమారు పదికి దిగితే అది బిరుసెక్కుతుంది, పైన ఎంత జిడ్డు ఉన్నా సరే.

దీనికి ల్యాబ్ అక్కర్లేదు, ఇంట్లో మామిడి ఒరుగు ఉంటే చాలు. ఏప్రిల్లో పచ్చి మామిడికాయ చెక్కలకు ఉప్పు పట్టించి డాబా మీద ఎండబెట్టి డబ్బాకెత్తుతాం కదా, అందులోంచి ఒక ముక్క తీసి నువ్వుల నూనెలో వేయండి. వారం తర్వాత తీసినా టక్కున విరుగుతుంది, కాకపోతే మెరుస్తూ విరుగుతుంది. ఆ అమ్మాయి బుగ్గ పరిస్థితి అచ్చంగా ఇదే. ఇంకో ముక్క నీళ్లలో వేస్తే పప్పు ఉడికేలోపే వంగుతుంది. నానిన ముక్కలు రెండు తీసి, ఒకదానికి నూనె పూసి రెండూ ఎండలో పెడితే, నూనె పూసింది కొంచెం ఆలస్యంగా ఎండుతుంది. అంటే నూనె నీళ్లను ఇవ్వదు, ఉన్న నీళ్లు పోకుండా కొంత అడ్డుపడుతుంది. ముందు నీళ్లంటూ ఉండాలి.

ఇక్కడితో ఆపితే ఒరుగుకి అన్యాయం చేసినట్టే, ఎందుకంటే అసలు పాఠం దాని ఉప్పులో ఉంది. వానాకాలంలో మూత సరిగా పెట్టకపోతే ఒరుగు చెమ్మగిల్లి మెత్తబడుతుంది, ఎవరూ నీళ్లు పోయకుండానే. గాలిలోని తేమను ఉప్పు పట్టుకుంది. చర్మం పైపొర కణాల్లో కూడా ఇట్లాంటి సరుకు ఉంది, సహజ తేమకారకాలు అంటారు. పొర పొడి బరువులో 20 నుంచి 30 శాతం దాకా ఇవే. ఎక్కడి నుంచి వస్తాయంటే, కింది కణాల్లో ప్రోఫిలాగ్రిన్ అనే పెద్ద ప్రోటీన్ తయారవుతుంది, అది తెగి ఫిలాగ్రిన్ అవుతుంది, కణం పైకి వచ్చేకొద్దీ ఆ ఫిలాగ్రిన్ కూడా ముక్కలై అమైనో ఆమ్లాలుగా, పైరోలిడోన్ కార్బాక్సిలిక్ ఆమ్లంగా, యూరోకానిక్ ఆమ్లంగా మారుతుంది. 1986లో ఎలుక పిల్లల మీద చేసిన పనిలో తేలిన ముచ్చట ఇంకా బాగుంటుంది. చుట్టూ గాలి పూర్తి తేమతో ఉంటే ఈ ముక్కలు కావడం ఆగిపోతుంది, గాలి పొడిగా ఉంటే జరుగుతుంది. అంటే తనకెంత ఉప్పు కావాలో చర్మం వాతావరణాన్ని బట్టి తయారుచేసుకుంటోంది!

మరి ఉప్పు పట్టించిన ఒరుగును నాలుగుసార్లు నీళ్లు మార్చి కడిగి మళ్లీ ఎండబెడితే? ఉప్పు పోతుంది, ఇక వానాకాలం వచ్చినా అది అంతగా చెమ్మగిల్లదు. జిడ్డు పోవాలని రోజుకి ఐదారుసార్లు సబ్బుతో ముఖం రుద్దేవాళ్లు చేస్తున్నది ఇదే. తేమకారకాలన్నీ నీళ్లలో కరిగేవే. సబ్బు ఆ పైపొర కణాల మధ్యనున్న కొవ్వును కదిలిస్తే అవి సులువుగా కొట్టుకుపోతాయి. జిడ్డు మాత్రం రెండు గంటల్లో మళ్లీ వస్తుంది, పోయిన తేమకారకం రెండు గంటల్లో రాదు. ఒరుగుతో పోలిక కుదరనిది ఒక్కచోటే, చర్మానికి కింది నుంచి నీళ్లు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. అందుకే మనకు బాగుపడే అవకాశం ఉంది, ఒరుగుకి లేదు.

కణాల మధ్యనుండే కొవ్వు, ముఖం మీద కారే జిడ్డు ఒకటి కావు. మొదటిది సెరమైడ్లు, కొలెస్టెరాల్, కొవ్వు ఆమ్లాలు కలిసి వరుసలుగా పేర్చుకున్న సరుకు, బరువులో దాదాపు సగం సెరమైడ్లే. రెండోది తైలగ్రంథుల్లో తయారయ్యే సీబం. అందులో ట్రైగ్లిజరైడ్లు, మైనపు ఎస్టర్లు, స్క్వాలీన్ ఉంటాయి, సెరమైడ్ల పని అది చేయలేదు. చిన్నపిల్లల్ని చూడండి. ఏడెనిమిదేళ్ల వయసు దాకా వాళ్ల తైలగ్రంథులు దాదాపు ఊరుకునే ఉంటాయి, అయినా వాళ్ల బుగ్గలు ఎంత మెత్తగా ఉంటాయో అందరికీ తెలుసు.

అట్లాగని జిడ్డును పూర్తిగా తీసిపారేయకూడదు. తైలగ్రంథులు సరిగా ఎదగని ఒక రకం ఎలుకలున్నాయి, వాటి చర్మంలో నీళ్లు తక్కువ. 2003లో వాటికి సీబంలో ఉండే కొవ్వులు రాసి చూస్తే లాభం లేదు, గ్లిజరిన్ రాస్తే తేమ మామూలుకి వచ్చింది. సీబంలోని ట్రైగ్లిజరైడ్లు విరిగినప్పుడు గ్లిజరిన్ బయటపడుతుంది కదా, గ్రంథి వల్ల పైపొరకు తేమ విషయంలో దక్కే లాభం అదన్నమాట. మెడికల్ షాపులో చవగ్గా దొరికే గ్లిజరిన్ పేరు చెప్తే ముఖం చిట్లించి, వెయ్యి రూపాయల సీరం కొనేవాళ్లకు ఈ ఎలుకల గురించి చెప్పాలనిపిస్తుంది.

"ఎక్కువ కడిగితే గ్రంథులు కంగారుపడి ఇంకా ఎక్కువ నూనె వదులుతాయి" అని వీడియోల్లో చెప్తుంటారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ 1958లోనే క్లిగ్‌మన్, షెల్లీ అనే ఇద్దరు ఈ వాదాన్ని పరీక్షించి తోసిపుచ్చారు. పైన జిడ్డు ఉందా పోయిందా అన్నది గ్రంథికి తెలియదు. దాన్ని నడిపేవి ఆండ్రోజెన్ హార్మోన్లు. పైగా గ్రంథిలో ఒక కణం పుట్టి, నూనె నింపుకుని, చివరికి తానే పగిలి సీబంగా మారడానికి రెండు మూడు వారాలు పడుతుంది. పొద్దున సబ్బు రుద్దితే మధ్యాహ్నానికి ఉత్పత్తి ఎట్లా పెరుగుతుంది? పదకొండింటికి కనిపించే జిడ్డు అంతకుముందే రంధ్రాల్లో నిల్వ ఉన్నది. ఎక్కువ కడగొద్దు అనే సలహా సరైనదే, చెప్పే కారణమే తప్పు.

ఇక మన ఎండలు. చర్మం వేడి ఒక్క డిగ్రీ పెరిగితే సీబం బయటికి వచ్చే వేగం సుమారు 10 శాతం పెరుగుతుందని 1970లో కొలిచారు. మే నెలలో రామగుండంలో, వరంగల్లో 44, 45 డిగ్రీలు మనకు కొత్త కాదు, అదే మధ్యాహ్నం గాలిలో తేమ బాగా పడిపోతుంది. అంటే ఒకే ఎండ ఒకవైపు నూనెను పైకి తెస్తుంది, మరోవైపు నీళ్లను గుంజుతుంది. విశాఖలో జిడ్డు ముఖం ఉన్నవాళ్లకు ఈ రెండో బాధ ఇంతగా ఉండదు, అక్కడి గాలిలోనే తేమ ఉంటుంది. మనకు చలికాలం కూడా సుఖం లేదు, ఆదిలాబాద్ వైపు డిసెంబర్ గాలి చల్లగానూ ఉంటుంది, పొడిగానూ ఉంటుంది. ఈ కాలాల్లో ముఖం వాడిపోతే దిష్టి తగిలిందని ఎర్రనీళ్లు తీసి పారబోస్తారు.

రోజుకి నాలుగు లీటర్లు తాగితే చర్మం మెరుస్తుందన్నది కూడా ఇట్లాంటి నమ్మకమే. పైపొరలో రక్తనాళాలు లేవు. మామూలుగా దాహానికి తాగేవాళ్లు అదనంగా తాగే చెంబుడు నీళ్లు బాత్రూముకి పోతాయి గానీ బుగ్గకు రావు. ఎండలో తిరిగేవాళ్లు తాగాల్సింది వడదెబ్బ తగలకుండా.

సబ్బు సంగతి. పీహెచ్ అంటే ఆమ్లమా క్షారమా చెప్పే అంకె, 7 కంటే తక్కువైతే ఆమ్లం. చర్మం ఉపరితలం పీహెచ్ సుమారు 4.5 నుంచి 5.5, సబ్బుది 9 నుంచి 10. సెరమైడ్లను తయారుచేసే ఎంజైములు ఆమ్ల వాతావరణంలోనే బాగా పనిచేస్తాయి. సబ్బు రేపర్ మీద టీఎఫ్ఎం 76 శాతం, గ్రేడ్ 1 అని చూసి చర్మానికి మంచిదనుకుంటారు. అది కొవ్వు పదార్థం ఎంతుందో చెప్పే అంకె, పీహెచ్ గురించి ఏమీ చెప్పదు. దానికి తోడు హాస్టళ్లలో బోరు నీళ్లు. ఆ నీళ్లలోని కాల్షియం సబ్బుతో కలిసి కరగని పదార్థం అవుతుంది. నురుగు రాదు, బకెట్ లోపలి గోడ మీద వేలితో గీస్తే గోటిలోకి తెల్లగా వస్తుంది చూడండి, అదే. ముఖం మీద కూడా కొంత మిగులుతుంది. కడిగాక గుంజినట్టు ఉండటంలో దానికీ వాటా ఉంది. చివరి కడుగుడుకైనా మిషన్ భగీరథ మంచినీటి పథకం నల్లా నీళ్లు దొరికితే వాడుకోండి.

చేయాల్సింది పెద్దగా లేదు. పొద్దున, రాత్రి రెండుసార్లు సబ్బు కాని, పీహెచ్ 5.5 దగ్గరుండే ఫేస్‌వాష్. మధ్యలో చెమట పడితే ఉత్త నీళ్లు చాలు. తువ్వాలుతో అద్దుకుని, ముఖం ఇంకా చెమ్మగా ఉన్నప్పుడే గ్లిజరిన్ ఉన్న పలచటి జెల్ లాంటి మాయిశ్చరైజర్. గ్లిజరిన్ నేరుగా రాయకండి, జిగట, కొందరికి మంట కూడా. నియాసినమైడ్ (ఒక రకం బి3 విటమిన్) 4, 5 శాతం ఉన్నది దొరికితే ఇంకా మంచిది, సెరమైడ్ల తయారీని పెంచుతుంది, జిడ్డును కూడా కొంత తగ్గిస్తుంది. పగలు జెల్ సన్‌స్క్రీన్. నిమ్మకాయ, తినే సోడా, గరుకు స్క్రబ్ మానేయండి. ముల్తానీ మట్టి వేస్తే అది పూర్తిగా ఎండి పగుళ్లిచ్చేదాకా ఉంచొద్దు. రెండు మూడు వారాలు చూడండి, అంతకుముందు ఫలితం అడగొద్దు. మొటిమల మందు వాడుతూ ఎండిపోతుంటే మందు మీరే ఆపకుండా, రాసిచ్చిన డాక్టరునే అడగండి.

ఒక్క జాగ్రత్త. ముక్కు పక్కల, కనుబొమ్మల్లో ఎర్రబడి, పసుపుపచ్చ పొట్టు రాలి, దురద పెడుతుంటే అది నీళ్ల కొరత కాకపోవచ్చు, సెబోరిక్ డెర్మటైటిస్ కావచ్చు. మలసీజియా అనే ఈస్టుకు ఇందులో హస్తం ఉంది, దాని తిండి కొవ్వులే. పొడిబారిందనుకుని కొబ్బరి నూనె రాస్తే దానికి భోజనం పెట్టినట్టే. ఇంకా ఘోరం, షాపులో అడిగి తెచ్చుకునే మూడు నాలుగు మందులు కలిపిన స్టెరాయిడ్ క్రీము. వారంలో ముఖం నున్నగా అవుతుంది, మానేస్తే మండిపోతుంది, నెలల తరబడి వాడితే చర్మం పలచబడి కింద ఎర్రటి రక్తనాళాలు కనిపిస్తాయి. చీటీ లేకుండా ఇవి అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన బిగించింది, అయినా అడిగితే ఇచ్చేవాళ్లు ఇస్తూనే ఉన్నారు. పొట్టు రాలుతుంటే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీకి పోయి చూపించుకోండి, ఇంట్లో ఉన్న ట్యూబు ఏదైనా సరే వెంట తీసుకుపోండి, దాని మీద మందు పేరు చూస్తే డాక్టరుకు సగం విషయం అక్కడే తెలిసిపోతుంది.