నహానీ ట్రాప్‌లో రెండంగుళాల నీళ్ళు

"మా పై ఫ్లాటుకు ఏడాదిగా తాళం. యజమానులు అమెరికాలో ఉన్నారు. బాత్రూముల షాఫ్ట్‌లోంచి దుర్వాసన వస్తోంది. వాసనతో పాటు రోగమూ వస్తుందా?" అని హైదరాబాదు పాఠకురాలు ఒకరు అడిగారు. చాలా మంచి ప్రశ్న. మహమ్మారుల తర్వాత అపార్ట్‌మెంట్ల నిర్మాణం ఎలా మారిందంటే అందరూ బాల్కనీల గురించి, ఇంట్లో ఆఫీసు గది గురించి చెబుతారు. నాకు మాత్రం అసలైన మార్పు బాత్రూం నేలలో, జాలీ కింద కనిపిస్తుంది.

2003 మార్చి. హాంకాంగ్‌లోని కౌలూన్ ప్రాంతంలో అమోయ్ గార్డెన్స్ అనే నివాస సముదాయం. అందులో ఈ-బ్లాకుకు 33 అంతస్తులు, అంతస్తుకు 8 ఫ్లాట్లు. సార్స్ (కరోనా జాతి వైరస్ వల్ల వచ్చే తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు) సోకిన ఒక వ్యక్తి 14న, మళ్ళీ 19న అక్కడి బంధువుల ఇంటికి వచ్చాడు. అతనికి విరేచనాలు. ఆ ఇంటి మరుగుదొడ్డే వాడాడు. ఏప్రిల్ మధ్యనాటికి ఆ సముదాయంలో 321 మందికి సార్స్ వచ్చింది. ఈ-బ్లాకులో రోగం నిలువుగా పాకింది: 7, 8 నంబర్ల ఫ్లాట్లలో, ఒకదాని నెత్తిన ఒకటిగా.

బాత్రూం నేలలోని నీళ్ళు పోయే గొట్టం కింద వంపు తిరిగి ఉంటుంది. మన ప్లంబర్లు దీన్ని నహానీ ట్రాప్ అంటారు. ఆ వంపులో సుమారు 50 మిల్లీమీటర్ల లోతున నీళ్ళు నిలుస్తాయి. మురుగు పైపులోని గాలికీ మన ఇంటికీ మధ్య ఉన్న తలుపు అదొక్కటే! అది ఆపగలిగే పీడనం దాదాపు 490 పాస్కల్స్, అంటే వాతావరణ పీడనంలో రెండు వందలో ఒక వంతు. పై అంతస్తులో ఫ్లష్ చేస్తే నీరు నిలువు పైపు గోడను అంటుకుని పొరలా జారుతూ మధ్యలోని గాలిని కిందికి ఈడుస్తుంది. పైన పీడనం పడిపోతుంది, అడుగున నిలువు పైపు అడ్డంగా తిరిగే చోట పెరుగుతుంది. పడిపోయిన చోట ట్రాప్‌లోని నీటిని పైపు పీల్చేస్తుంది, పెరిగిన చోట మురుగు గాలి నీటిని తోసుకుని ఇంట్లోకి వస్తుంది. ఈ ఒడిదుడుకులను సర్దడానికే డాబా మీదికి గాలి పైపు. బడిలో యూ-గొట్టం పాఠం చెప్పేటప్పుడు పిల్లలను ఒక్కసారి బాత్రూం దగ్గరికి తీసుకెళ్తే ఎంత బాగుంటుంది!

అమోయ్ గార్డెన్స్‌లో చాలామంది నేలను కడగరు, తడిగుడ్డతో తుడుస్తారు. నేల ట్రాపులు ఎండిపోయాయి. తలుపు మూసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే అది మురుగు పైపులోని గాలినే లాగింది. వైరస్ ఉన్న తుంపరలు బాత్రూంలోకి, అక్కడి నుంచి ఇరుకైన షాఫ్ట్‌లోకి చేరాయి. వెచ్చటి తేమగాలితో పైకి లేచి కిటికీల్లోంచి ఇళ్ళలోకి దూరాయి. అధికారిక దర్యాప్తు చెప్పిన కథ ఇది. "గాలి సోకింది" అని భూతవైద్యుల దగ్గరికి పరుగెత్తే అలవాటు మనకుంది. ఇక్కడ నిజంగానే గాలి సోకింది, దానికి విరుగుడు తాయెత్తు కాదు, నీళ్ళు.

తర్వాత హాంకాంగ్ ప్రభుత్వ గృహ సంస్థ కొత్త ఇళ్ళలో డబ్ల్యూ-ట్రాప్ పెట్టింది. వాష్‌బేసిన్ నీరు నేల ట్రాప్ గుండానే వెళ్తుంది. చేతులు కడిగిన ప్రతిసారీ నీటి తలుపు దానంతటదే నిండుతుంది. మనిషి జ్ఞాపకశక్తి మీద ఆధారపడని ఈ ఏర్పాటంటే నాకు ఎనలేని ఇష్టం. అయినా ట్రాప్ ఒక్కటే సరిపోదు. 2020 ఫిబ్రవరిలో అదే నగరంలో, త్సింగ్ యీ దీవిలోని హాంగ్ మెయ్ హౌస్ అనే బహుళ అంతస్తుల భవనంలో పది అంతస్తుల తేడాతో ఇద్దరికి కరోనా సోకింది. కింది ఇంటి బాత్రూంలో గాలి పైపుకు మూత సరిగా లేదు. రాత్రికి రాత్రి కొన్ని ఇళ్ళ వాళ్ళను ఖాళీ చేయించారు.

ఇక పాఠకురాలి ప్రశ్నకు జవాబు. వాసన రావడమంటే మురుగు గాలికి ఎక్కడో దారి దొరికిందని అర్థం. రోగం రావాలంటే ఆ పైపులో రోగి విసర్జన కూడా చేరాలి కాబట్టి మామూలు రోజుల్లో భయపడనక్కరలేదు. ఏడాదిగా తాళం వేసిన పై ఫ్లాటులో ట్రాపుల నీళ్ళు ఎండిపోయి ఉండవచ్చు. దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉందో కనుక్కోండి. ప్రతి జాలీలో రెండు చెంబుల నీళ్ళు పోయించి, పైన రెండు చెంచాల వంటనూనె వేయించండి. నూనె పొర కింద నీరు త్వరగా ఆవిరి కాదు. అప్పటికీ వాసన పోకపోతే, డాబా మీది గాలి పైపు మూసుకుపోయిందేమో ప్లంబర్‌తో చూపించండి.