సిమ్యులేషన్‌లో ఇండక్టర్: అపోహలు - వాస్తవాలు

స్క్రీన్ మీద వేవ్‌ఫామ్ ముచ్చటగా వస్తుంది. బోర్డుకు పవర్ ఇవ్వగానే మాస్‌ఫెట్ (స్విచ్‌గా వాడే ట్రాన్సిస్టర్) కాలిపోతుంది. స్విచింగ్ సప్లైల పనిలో నాకిది చాలాసార్లు ఎదురైంది. వెతికితే ఎక్కువసార్లు ఇండక్టర్ (తీగ చుట్టిన కాయిల్) మోడల్‌లోనే తప్పు దొరికింది.

అపోహ: 10 మైక్రోహెన్రీలని విలువ ఇస్తే చాలు.

వాస్తవం: ఆ విలువ కరెంటు తక్కువగా ఉన్నంతవరకే. 12 వోల్టులు పెడితే ఆ కాయిల్‌లో కరెంటు మైక్రోసెకనుకు 1.2 ఆంపియర్ల చొప్పున పెరుగుతుంది. ఐడియల్ మోడల్‌లో ఎంతసేపైనా అదే వేగం. నిజం కాయిల్‌లో ఫెరైట్ కోర్ శాచురేట్ అవుతూనే (అంటే ఇక ఎక్కువ అయస్కాంతత్వం పట్టలేని స్థితికి వస్తూనే) ఇండక్టెన్స్ పడిపోతుంది, కరెంటు గీత నిటారుగా లేస్తుంది. మాస్‌ఫెట్ పోయేది అక్కడే. డేటాషీట్‌లోని శాచురేషన్ కరెంటును కూడా గుడ్డిగా నమ్మొద్దు. ఇండక్టెన్స్ 20 శాతం తగ్గే చోటును ఒకరు రాస్తే, 30 శాతం తగ్గే చోటును ఇంకొకరు రాస్తారు.

అపోహ: డేటాషీట్ గ్రాఫ్‌లోని ఇండక్టెన్స్‌ను కరెంటుతో గుణిస్తే ఫ్లక్స్ (కాయిల్‌లోని అయస్కాంత అభివాహం) వచ్చేస్తుంది.

వాస్తవం: చాలామంది పొరపడేది ఇక్కడే, నన్ను అన్నిటికంటే బాధపెట్టేదీ ఇదే. ఆ గ్రాఫ్ సాధారణంగా చూపేది ఆ కరెంటు దగ్గర ఫ్లక్స్ గీతకున్న వాలు. ఫ్లక్స్ కావాలంటే సున్నా నుంచి ఇంటిగ్రేట్ చేయాలి. సర్క్యూట్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ ఎల్‌టీస్పైస్‌లో ఫ్లక్స్‌నే నేరుగా కరెంటు ఫార్ములాగా రాయొచ్చు. కరెంటును 5తో భాగించి, టాన్‌హెచ్ (tanh ఫంక్షన్) తీసుకుని, 50 మైక్రోవెబర్లతో గుణించండి. సున్నా దగ్గర 10 మైక్రోహెన్రీలు, 5 ఆంపియర్ల దగ్గర సుమారు 4.2 వస్తాయి. కాకపోతే టాన్‌హెచ్ చివరికి ఇండక్టెన్స్‌ను సున్నా చేసేస్తుంది. కోర్ పూర్తిగా నిండినా గాలిలో చుట్టిన కాయిల్‌కుండే ఇండక్టెన్స్ మిగులుతుంది కాబట్టి, కరెంటుకు అనుపాతంలో పెరిగే చిన్న భాగాన్ని కూడా కలపాలి.

అపోహ: రెసిస్టెన్స్ రాయకపోతే సున్నాయే.

వాస్తవం: ఎల్‌టీస్పైస్ తనంతట తానే 1 మిల్లీఓమ్ పెట్టుకుంటుంది. డేటాషీట్‌లోని డీసీ రెసిస్టెన్స్‌ను మీరే ఇవ్వండి. చుట్ల మధ్య కెపాసిటెన్స్‌నూ వదలొద్దు. 10 మైక్రోహెన్రీలకు 10 పికోఫారడ్లు తోడైతే 16 మెగాహెర్ట్జ్ దగ్గరే రెజొనెన్స్ వస్తుంది. అది దాటాక ఆ కాయిల్ కెపాసిటర్‌లా ప్రవర్తిస్తుంది.

అపోహ: ట్రాన్స్‌ఫార్మర్‌కు కప్లింగ్ (రెండు కాయిల్స్ ఎంత గట్టిగా జతపడ్డాయో చెప్పే అంకె) 1 పెట్టడమే మేలు.

వాస్తవం: 1 పెడితే లీకేజీ (రెండో కాయిల్‌కు అందని ఫ్లక్స్ వల్ల వచ్చే ఇండక్టెన్స్) ఉండదు, స్విచ్ ఆఫ్ అయినప్పుడు వచ్చే స్పైక్ కనిపించదు, స్నబ్బర్ (ఆ స్పైక్‌ను అణచే చిన్న సర్క్యూట్) అక్కర్లేదనిపిస్తుంది. 0.99 పెట్టి చూడండి. 100 మైక్రోహెన్రీల ప్రైమరీకి దాదాపు 2 మైక్రోహెన్రీల లీకేజీ వస్తుంది. అదీ ఊహించి పెట్టిన అంకే. సెకండరీని షార్ట్ చేసి, ప్రైమరీ దగ్గర ఎల్‌సీఆర్ మీటర్‌తో (ఇండక్టెన్స్ కొలిచే పరికరంతో) కొలిచి, వచ్చిన లీకేజీకి సరిపడా కప్లింగ్ మార్చండి.